ఎముకలో తెల్ల మచ్చ: రిపోర్టులో ఆ ఒక్క వాక్యాన్ని ఎలా చదవాలి

(ఒంగోలులో పెద్దవాళ్ల కోసం ఏర్పాటైన ఆరోగ్య సభలో ఒక రేడియాలజిస్టు మాట్లాడిన మాటలకు రాతరూపం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం అండి. వెనక వరుసల వాళ్లకి వినపడుతోందా? సరే.

నేను రోజంతా చీకటి గదిలో కూర్చుని ఎక్స్‌రేలు, సీటీలు, ఎమ్మారైలు చూసి రిపోర్టులు రాసే డాక్టర్ని. మా రాతలు మీ ఇళ్లకి వస్తాయి గానీ మేం రాము, అందుకే ఆ రాతల్లో ఏముందో అడగడానికి మీకు ఎదురుగా మనిషి ఉండడు. ఈరోజు జబ్బులన్నిటి గురించీ చెప్పను. ఒకే ఒక్క వాక్యం తీసుకుంటాను, దాన్నే విప్పి చూద్దాం. రిపోర్టులో ఇంగ్లిషులో ఉంటుంది, నేను తెలుగులో చదువుతాను: "ఎడమ తుంటి ఎముకలో 8 మిల్లీమీటర్ల స్క్లిరోటిక్ ఫోకస్ కనిపిస్తోంది. బోన్ ఐలాండ్ కావచ్చు. క్లినికల్ కోరిలేషన్ అవసరం."

ఇది ఎవరికి వస్తుందో చూడండి. 58 ఏళ్ల మనిషి, రాత్రిపూట నడుము పక్కన పొడిచినట్టు నొప్పి, కిడ్నీలో రాయేమోనని సీటీ తీశారు. 5 మిల్లీమీటర్ల రాయి ఉంది. యూరాలజీ డాక్టర్ గారు మందులు రాసి, నీళ్లు బాగా తాగండి, పడిపోతుంది అని పంపించారు. ఆయన వచ్చిన పని అయిపోయింది. ఇంటికెళ్లాక కూతురు రిపోర్టు మొదటి నుంచి చివరిదాకా చదివితే, రాయి గురించి రాసిన దానికి నాలుగు లైన్ల కింద ఈ ఎముక సంగతి ఉంది. డాక్టర్ గారు దీని గురించి ఏం చెప్పలేదే అని ఆ మాటని ఫోన్లో కొడితే రెండో మూడో లైన్లోనే మెటాస్టాసిస్ అని వచ్చింది, అంటే వేరే చోట పుట్టిన క్యాన్సర్ ఎముకకి పాకడం. ఇక ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ ముద్ద దిగదు. హైదరాబాద్‌లో ఉన్న కొడుక్కి ఫోన్, డల్లాస్‌లో ఉన్న మేనల్లుడికి వాట్సాప్‌లో ఫోటో, తెల్లారేసరికి బంధువులందరికీ తెలిసిపోతుంది.

ఆ భయాన్ని నేను తీసిపారెయ్యను. చూసుకోవాల్సిన మాటే అది. కాకపోతే ఆ వాక్యం ఎంతవరకు చెబుతోంది, ఎక్కడ ఆగిపోయింది అన్నది తెలిస్తే భయం సరైన కొలతలో ఉంటుంది.

స్క్లిరోటిక్ ఫోకస్ అంటే ఆ చోట ఎముక చుట్టుపక్కల కంటే చిక్కగా, తెల్లగా కనబడిందని. అంతే. అది నేను చూసిన రూపం. జబ్బు పేరు నేనక్కడ రాయలేదు. లైటిక్ అని రాస్తే ఆ చోట ఎముక పలచబడి నల్లగా కనబడిందని. ఇవి వర్ణనలు. ఒకే వర్ణన కింద ఏ హానీ లేని విషయమూ ఉండొచ్చు, చాలా పెద్ద విషయమూ ఉండొచ్చు. వాక్యంలో రెండో ముక్క, 'బోన్ ఐలాండ్ కావచ్చు' అన్నది, నా అంచనా. మూడో ముక్క, ఆ కోరిలేషన్ అన్నది, మీ డాక్టర్‌కి నేను పెట్టిన విన్నపం: నా దగ్గర మనిషి లేడు, నీడ మాత్రమే ఉంది, మనిషి మీ ఎదురుగా ఉన్నాడు, రెండూ కలిపి చూడండి అని. మీరు చదివేటప్పుడు ఈ మూడింటినీ విడదీసి చదవండి, సగం కంగారు అక్కడే తగ్గుతుంది.

ఇంకో సంగతి. రిపోర్టులో ఫైండింగ్స్ అని ఒక భాగం, చివర ఇంప్రెషన్ అని ఇంకో భాగం ఉంటాయి. ఫైండింగ్స్‌లో కంటికి కనబడిందల్లా రాస్తాం, ఎందుకంటే రేపు ఇంకో డాక్టర్ ఇదే చోట స్కాన్ తీస్తే పోల్చుకోవడానికి ఉండాలి. ఇంప్రెషన్‌లో పట్టించుకోవాల్సినవి రాస్తాం. ఎముక మాట ఫైండింగ్స్‌లోనే ఉండిపోయిందా, ఇంప్రెషన్‌లోకి ఎక్కిందా అన్నది చూడండి. ఎక్కితే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలని మేం కోరుతున్నట్టు. ఎక్కకపోతే చాలావరకు చిన్న విషయం కిందే లెక్క, అయినా మీ డాక్టర్‌ని ఒక్క మాట అడగడంలో తప్పులేదు.

ఇప్పుడు ఆ తెల్ల మచ్చ దగ్గరికి వద్దాం. ఎముక పైన గట్టి పొర ఉంటుంది, లోపలంతా తేనెపట్టులాగా సన్నటి గోడలు, ఆ గోడల మధ్య మూలుగ. బోన్ ఐలాండ్ అంటే పైపొరలో ఉండాల్సిన గట్టి ఎముక కొంచెం లోపల, ఆ మెత్తటి భాగం మధ్యలో, ఒక ముద్దలా ఉండటం. చాలామందిలో ఎదిగే వయసులో అలా ఏర్పడి ఉండిపోతుందని అనుకుంటారు. 1905లోనే స్టీడా అనే జర్మన్ డాక్టర్ ఎక్స్‌రేల్లో వీటిని గుర్తించి రాశాడు, అంటే ఎక్స్‌రే కనిపెట్టిన పదేళ్లకే. తుంటి ఎముకలు, తొడ ఎముక పైభాగం, వెన్నుపూసలు, పక్కటెముకలు, వీటిల్లో ఎక్కువగా కనిపిస్తాయి. నొప్పి పెట్టవు, మందు అక్కర్లేదు. కాల్షియం మాత్రలు వేసుకోవడం వల్ల వచ్చిందా, మానేయాలా అని చాలామంది అడుగుతారు. దానికీ దీనికీ సంబంధం లేదండి. మీ డాక్టర్ రాసిన మాత్రలు మీరు వేసుకోండి.

మరి క్యాన్సర్ మాట ఎందుకొచ్చింది? కొన్ని క్యాన్సర్లు, ముఖ్యంగా మగవాళ్లలో ప్రొస్టేట్ గ్రంథిది, ఎముకలోకి చేరినప్పుడు అక్కడ ఎముకని కట్టే కణాల్ని రెచ్చగొడతాయి. అవి అడ్డదిడ్డంగా కొత్త ఎముక కడతాయి, అది కూడా తెల్లగానే కనబడుతుంది. కిడ్నీ, థైరాయిడ్ క్యాన్సర్లు ఎక్కువగా ఎముకని తినేస్తాయి, అవి నల్లగా కనబడతాయి. రొమ్ము క్యాన్సర్ రెండు రకాలుగానూ ఉంటుంది. అంటే తెలుపు రంగు ఒక్కదాన్ని పట్టుకుని ఏమీ చెప్పలేం.

అందుకే నేను ఏం చేస్తానో చెప్తాను. కిడ్నీ రాయి కోసం తీసిన సీటీ ముందు మెత్తటి భాగాలు బాగా కనిపించే సెట్టింగులో తెర మీదకి వస్తుంది, అందులో ఎముకలన్నీ ఒకే తెల్లటి దిమ్మల్లా ఉంటాయి, లోపల ఏమీ తెలీదు. ఒక మీట నొక్కి ఎముకల సెట్టింగులోకి మారుస్తాను. అప్పుడు లోపలి సన్నటి గోడలు కనిపిస్తాయి. మచ్చ ఉన్న చోటికి వెళ్లి పెద్దది చేసి అంచులు చూస్తాను, నా చూపు ఎక్కువసేపు ఉండేది అంచుల మీదే. బోన్ ఐలాండ్ అంచు నున్నగా గీత గీసినట్టు ఉండదు, ముళ్లలాంటి సన్నటి పోగులు బయటికి వచ్చి చుట్టూ ఉన్న ఎముక గోడల్లో కలిసిపోతుంటాయి. అంటే అది ఆ ఎముకలో భాగంగానే పెరిగింది, బయట నుంచి వచ్చి చొరబడలేదు. తర్వాత పైపొర చెక్కుచెదరకుండా ఉందా, ఎముక మీద ఉండే పల్చటి పొర ఉబ్బిందా, పక్కన కండలోకి ఏమైనా పాకిందా చూస్తాను. రిపోర్టులో 'కార్టికల్ బ్రీచ్ లేదు, పెరియోస్టియల్ రియాక్షన్ లేదు, సాఫ్ట్ టిష్యూ కాంపోనెంట్ లేదు' అని వరసగా రాసి ఉంటే, అది మీకు అర్థంకాని భాషలో ఉన్న శుభవార్త. ఆ 'లేదు'లన్నీ చెడ్డ లక్షణాలు లేవని చెబుతున్నాయి. చాలామంది ఆ పెద్ద పదాలు చూసి అవి ఉన్నాయనుకుని భయపడతారు, పక్కనున్న 'నో' అనే చిన్న మాట కంటికి ఆనదు.

ఆ తర్వాత మచ్చ మీద మౌస్‌తో ఒక చిన్న వృత్తం గీస్తాను. సీటీ మెషీన్ ప్రతి చుక్కకీ ఒక అంకె ఇస్తుంది, దాన్ని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ అంటాం, సీటీని తయారుచేసి 1979లో నోబెల్ అందుకున్న ఇంజనీరు పేరు మీద. నీళ్లకి సున్నా, గాలికి మైనస్ 1000. బోన్ ఐలాండ్ చాలా చిక్కటిది కాబట్టి అంకె ఎక్కువగా వస్తుంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో సగటు 885 యూనిట్లు దాటితే బోన్ ఐలాండ్ వైపు, తక్కువైతే చికిత్స ఇంకా మొదలుపెట్టని క్యాన్సర్ మచ్చ వైపు మొగ్గు ఉంటుందని తేల్చారు. ఆ 'చికిత్స మొదలుపెట్టని' అన్నది మర్చిపోకండి, ఎందుకంటే మందులు పనిచేసిన క్యాన్సర్ మచ్చ కూడా గట్టిపడి తెల్లబడుతుంది, అప్పుడు ఈ అంకె మనల్ని తప్పుదారి పట్టించొచ్చు. అంకె సాయం చేస్తుంది, తీర్పు ఇవ్వదు.

తర్వాత మిగతా ఎముకలన్నీ ఒకసారి పైనుంచి కిందిదాకా చూస్తాను. ఒకటే ఉందా, అక్కడక్కడా చల్లినట్టు ఉన్నాయా? చివరిగా పాత స్కాన్ ఏమైనా ఉందా అని వెతుకుతాను. అది దొరికిందంటే చాలా కేసుల్లో చర్చ అక్కడితో ముగుస్తుంది. నాలుగేళ్ల కిందటి సీటీలో కూడా అదే చోట అదే 8 మిల్లీమీటర్లు ఉంటే, దాని గురించి ఇక ఆలోచించాల్సిన పని దాదాపు ఉండదు. దొరక్కపోతే? అప్పుడు నేను 'కావచ్చు' అని రాసి వదిలేయాల్సి వస్తుంది. ఆ పాత సీటీ ఎక్కడ ఉందంటే మీ ఇంట్లో బీరువా మీద, లేదా పరుపు కింద మడతలు పడి. లేదా పోయినసారి ఇల్లు మారినప్పుడు పాత సామానుతో పాటు వెళ్లిపోయింది. దీని మీద నాకు నిజంగా బాధ ఉందండి. బంగారం దాచినంత జాగ్రత్తగా పాత స్కాన్లు దాచుకోమని ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పాలనిపిస్తుంది.

దాచేటప్పుడు ఫిల్ముతో పాటు సీడీ కూడా అడిగి తీసుకోండి. ఫిల్ము మీద కొన్ని బొమ్మలే ఎంచి ముద్రిస్తారు, సీడీలో వందల కొద్దీ బొమ్మలు మొత్తం ఉంటాయి. నేను ఇందాక చెప్పిన వృత్తం గీసి అంకె చూడటం సీడీలో బొమ్మల మీదే కుదురుతుంది, ఫిల్ము మీద కుదరదు. ఈమధ్య సీడీ బదులు లింకు పంపుతున్నారు, ఆ లింకులు కొన్నాళ్లకి పనిచేయవు, వచ్చిన రోజే దించుకుని పెట్టుకోండి.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్న దానికి వస్తాను. నా రిపోర్టులో సగం సమాచారం మీ దగ్గరే ఉంటుంది. నాకు వచ్చే చీటీ మీద ఏముంటుందో తెలుసా? పేరు, వయసు, మగా ఆడా, 'సీటీ కేయూబీ' (కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం చూసే సీటీ), అంతే. చాలాసార్లు అంతే. ఆ 58 ఏళ్ల మనిషికి మూడేళ్ల కిందట ప్రొస్టేట్ క్యాన్సర్‌కి వైద్యం జరిగి ఉంటే, అదే 8 మిల్లీమీటర్ల మచ్చ గురించి నేను రాసే వాక్యం పూర్తిగా మారిపోతుంది. ఏ క్యాన్సరూ లేని, ఏ నొప్పీ లేని ముప్పై ఏళ్ల అమ్మాయిలో అదే మచ్చ కనబడితే ఒక చిన్న మాట రాసి ముందుకు వెళ్లిపోతాను. మచ్చ అదే, తేడా అంతా మనిషి కథలో ఉంది. అందుకే స్కాన్‌కి వెళ్లినప్పుడు లోపలికి తీసుకెళ్లే టెక్నీషియన్‌కి ఒక్క నిమిషం చెప్పండి: పాత క్యాన్సర్లు, ఆపరేషన్లు, టీబీ మందుల వాడకం, పడిపోవడం, ఈమధ్య కారణం లేకుండా బరువు తగ్గడం, రోజూ సాయంత్రం జ్వరం. ఇంట్లో పెద్దాయన చెప్పలేకపోతే వెంట వెళ్లిన కోడలో కొడుకో కాగితం మీద రాసి ఇవ్వండి. కొందరు క్యాన్సర్ మాట దాచిపెడతారు, పెద్దాయనకి తెలియకూడదని. నాకు మటుకు తెలియనివ్వండి, ఆయనకి చెప్పమని కాదు.

మనిషి కథలో ఊరు కూడా ఉంటుంది. ఇది మన ప్రాంతం వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. పొదిలి, దర్శి, కనిగిరి వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా? ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకలు, పళ్లు దెబ్బతినే జబ్బుని ఫ్లోరోసిస్ అంటారు, మన దేశంలో దాని గురించి వైద్య పత్రికలో మొదట రాసింది 1937లో, షార్ట్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ రాశారు, మద్రాసు ప్రెసిడెన్సీలో అప్పటి నెల్లూరు జిల్లా గురించి. అంతకుముందే రైతులు అరక దున్నే ఎద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం గమనించారని చెప్తారు. తర్వాత నల్గొండ పేరు ఎక్కువగా వినబడింది. కొన్ని బావుల్లో, బోర్లలో నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ల దారి లేకపోతే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. ఎన్నో ఏళ్లు అంతకంటే ఎక్కువ తాగిన మనిషి ఎక్స్‌రే చూడండి: వెన్నుపూసలు, తుంటి ఎముకలు సుద్దముక్కల్లా మొత్తం తెల్లబడి, లోపలి గోడలు చెరిగిపోయి ఉంటాయి. మచ్చలు మచ్చలుగా కాకుండా పరిచినట్టు. ఎముకల్ని కట్టి ఉంచే నరాల్లాంటి పట్టీలు, లిగమెంట్లు అంటాం, అవి కూడా ఎముకగా మారిపోతాయి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పల్చటి పొర గట్టిపడి అంచు రంపం పళ్లలా కనిపిస్తే ఫ్లోరోసిస్ అనుమానం బాగా బలపడుతుంది.

ఇప్పుడు ఆ పెద్దాయనే బెంగుళూరులో కొడుకు దగ్గరుంటూ అక్కడ సీటీ తీయించుకున్నాడనుకోండి. అక్కడ చూసే డాక్టర్‌కి ఈయన నలభై ఏళ్లు ఏ బోరు నీళ్లు తాగాడో తెలియదు. ముసలాయన, మగమనిషి, ఎముకలన్నీ తెల్లగా. 'డిఫ్యూజ్ స్క్లిరోసిస్, మెటాస్టాసిస్ అనుమానం' అని రాస్తాడు, రాయడం తప్పు కూడా కాదు, ఎందుకంటే ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలంతా పాకినప్పుడు దాదాపు ఇలాగే ఉండగలదు, కిడ్నీ జబ్బుల్లో, కొన్ని రక్తపు జబ్బుల్లో కూడా ఉండగలదు. ఆ కుటుంబం ఒక్క మాట, 'మాది ఫలానా ఊరు, ఫ్లోరైడ్ నీళ్ల ఊరు, మా నాన్నకి పళ్లు కూడా గారపట్టాయి' అని చెప్తే దారి మారుతుంది. అలా చెప్పాక కూడా ప్రొస్టేట్ కోసం చేసే పీఎస్ఏ అనే రక్తపరీక్ష చేయించమనే నేను చెప్తాను. ఫ్లోరైడ్ ఊళ్లో పుట్టినవాళ్లకి ప్రొస్టేట్ క్యాన్సర్ రాకూడదని ఏం లేదు కదా. రెండూ ఉన్నవాళ్లు ఉంటారు.

మిగతా మాటలు కొన్ని త్వరగా చెప్పేస్తాను. వెన్నుపూసలో హిమాంజియోమా అని రాస్తే అది రక్తనాళాల చిన్న గుంపు, పెద్దవాళ్లలో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుంది, నూటికి తొంభై తొమ్మిది సార్లు ఏమీ చేయక్కర్లేదు. ఆస్టియోఫైట్స్, డీజనరేటివ్ ఛేంజెస్ అంటే వయసుతో వచ్చే అరుగుదల. నడుం నొప్పే లేనివాళ్లని సీటీయో ఎమ్మారైయో తీసి చూసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో ఒక లెక్క వేశారు: ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనబడింది, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. కాబట్టి ఆ మాట చూసి మంచం ఎక్కకండి, నడవండి. ఎక్స్‌రేలో ఆస్టియోపీనియా అని రాస్తే ఎముక పలచగా కనిపించిందని మాత్రమే, ఎక్స్‌రే ఎక్స్‌పోజరు తేడా వల్ల కూడా అలా కనబడొచ్చు. నిజంగా ఎంత పలచబడిందో తెలియాలంటే డెక్సా స్కాన్ చేయించాలి, అందులో టీ స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే కిందకి ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం.

మ్యారో సిగ్నల్ హెటెరోజీనియస్ అన్న మాట ఎమ్మారైలో మన ఆడవాళ్ల రిపోర్టుల్లో తరచుగా వస్తుంది. మూలుగలో కొవ్వు భాగం, రక్తం తయారుచేసే భాగం రెండూ ఉంటాయి. రక్తహీనత ఉన్నప్పుడు రక్తం తయారీ భాగం పెరుగుతుంది, పొగతాగేవాళ్లలో, బరువు ఎక్కువున్నవాళ్లలో కూడా. అప్పుడు మూలుగ ఒకే తీరుగా కనబడదు. టీ1 అనే బొమ్మలో మూలుగ పక్కనున్న డిస్కు కంటే నల్లగా ఉంటేనే మేం ఆగి ఆలోచిస్తాం. ఇలా రాసి ఉంటే మొదట హిమోగ్లోబిన్ చూసుకోండి, చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

నల్లటి మచ్చలు, లైటిక్ అన్నవి, వాటి గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. యాభై దాటిన మనిషికి తగ్గని నడుం నొప్పి, రక్తం తక్కువ, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎక్కువ, ఎముకల్లో గుండ్రటి నల్ల చిల్లులు, ఇవన్నీ కలిస్తే మల్టిపుల్ మైలోమా అనే మూలుగ క్యాన్సర్ కోసం వెతకాలి. రక్తంలో ప్రోటీన్ల పరీక్ష, ఎలక్ట్రోఫోరెసిస్ అంటారు, చేయిస్తారు. ఎముకలో మూడో వంతో, సగమో పదార్థం పోతేగానీ మామూలు ఎక్స్‌రేలో చిల్లు కనబడదు, కాబట్టి 'ఎక్స్‌రే నార్మల్' అన్న కాగితం పట్టుకుని తగ్గని నొప్పిని నెలల తరబడి భరించకండి. మన దేశంలో టీబీ కూడా వెన్నుపూసని తింటుంది, పక్కపక్కన రెండు పూసలు, మధ్యలో డిస్కు కలిసి దెబ్బతిని, పక్కన చీముగడ్డ ఉంటే ముందు ఆ అనుమానమే వస్తుంది. దానికి మందుంది, నయమవుతుంది, ఆలస్యం చేస్తే కాళ్లు పడిపోతాయి.

ఏ మాట రాసి ఉన్నా సరే, రాత్రి నిద్రలోంచి లేపే ఎముక నొప్పి, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం మీద పట్టు పోవడం, చిన్న దెబ్బకే ఎముక విరగడం, వీటిల్లో ఏది ఉన్నా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి. కాళ్ల బలం, మూత్రం సంగతైతే అదే రోజు వెళ్లాలి.

ప్రశ్నలు అడగండి.

(సభ నుంచి ఒకావిడ: మా అమ్మకి ఆరేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు పక్కటెముకలో ఇలాంటి మచ్చే ఉందన్నారు, బోన్ స్కాన్ చేయించమన్నారు. అవసరమా?)

అవసరమేనమ్మా, చేయించండి. పాత రొమ్ము క్యాన్సర్ ఉన్నప్పుడు చిన్న మచ్చని కూడా వదిలేయం. అలాగని అదే అయిందని ఇప్పుడే అనుకోకండి, ఆమెకి కూడా బోన్ ఐలాండ్ ఉండొచ్చు, పాత దెబ్బకి పక్కటెముక చిట్లి అతుక్కున్న గుర్తు కూడా తెల్లగానే ఉంటుంది. బోన్ స్కాన్‌లో చేతికి ఒక ఇంజెక్షన్ ఇచ్చి, రెండు మూడు గంటలు ఆగి, ఒళ్లంతా బొమ్మ తీస్తారు. ఎముక చురుగ్గా కడుతున్న చోట మందు చేరుతుంది. బోన్ ఐలాండ్‌లో మామూలుగా చేరదు. అయితే అరిగిన మోకాళ్లు, నడుము కూడా మెరుస్తాయి, ఆ రిపోర్టులో 'అప్‌టేక్ పెరిగింది' అని నాలుగైదు చోట్ల రాస్తారు, అది చూసి మళ్లీ కంగారుపడొద్దు, ఏ చోట అన్నది ముఖ్యం. ఆరేళ్ల కిందట తీసిన స్కాన్లు ఉన్నాయా? ఉన్నాయా, మంచిది. అవి తీసుకుని వెళ్లండి, ఆపరేషన్ చేసిన డాక్టర్‌కే మొదట చూపించండి.

(ఒక పెద్దాయన: ముక్క తీసి పరీక్ష చేస్తే అనుమానం పూర్తిగా పోతుంది కదా, అందరికీ బయాప్సీ చేసేయొచ్చుగా?)

అలా చేయకూడదండి. రాయి లాంటి బోన్ ఐలాండ్‌లోకి సూది దింపడం కష్టం, వచ్చిన ముక్కలో మామూలు ఎముకే ఉంటుంది, మనిషికి నొప్పి, ఖర్చు మిగులుతాయి. పిల్లల్లో మోకాలి దగ్గర కనిపించే కొన్ని మచ్చలైతే వాటి పోలిక చూడగానే ముట్టుకోవద్దని మాకు పుస్తకాల్లోనే నేర్పుతారు, ఎదిగేకొద్దీ అవే మానిపోతాయి. బయాప్సీ ఎప్పుడంటే, పోలిక అనుమానంగా ఉన్నప్పుడు, లేదా మచ్చ పెరుగుతున్నప్పుడు. నిజంగా అనుమానం ఉన్న గడ్డకి బయాప్సీ చేయించాల్సి వస్తే, తర్వాత ఆపరేషన్ చేయబోయే పెద్ద సెంటర్‌లోనే చేయించండి. సూది వెళ్లిన దారిని కూడా ఆ ఆపరేషన్‌లో తీసేయాల్సి రావచ్చు, అందుకని సూది ఎటునుంచి వేయాలన్నది వాళ్లే నిర్ణయించాలి.

(ఒక యువకుడు: మా అక్క వాళ్లు అమెరికాలో ఉంటారు. డాక్టర్ ఫోన్ చేయకముందే రిపోర్టు ఫోన్లోకి వచ్చేస్తోంది, టెన్షన్ పడిపోతున్నారు.)

అవును, అక్కడ 2021 ఏప్రిల్ నుంచి రిపోర్టు తయారవగానే పేషెంటుకి కనిపించాలని నియమం వచ్చింది. మనకి ఇక్కడ అదే సాయంత్రం చేతికి ఇచ్చేస్తారు, రెండూ ఒకటే. మీ అక్కకి చెప్పండి, ఇంప్రెషన్ ముందు చదవమని, ఆ పోర్టల్‌లోనే డాక్టర్‌కి రెండు ప్రశ్నలు పెట్టమని: ఈ ఎముక మాటకి ఏమైనా చేయాలా, పాత స్కాన్‌తో పోల్చారా. ఇక్కడ రిపోర్టు ఫోటో తీసి నలుగురు బంధువులకి పంపడం కంటే, స్కాన్ రాయించిన డాక్టర్ దగ్గరికి కాగితం తీసుకెళ్లి, వేలు పెట్టి ఆ లైను చూపించి, ఇదేంటండీ అని అడగడం మేలు. ఆయన రాయి చూసే డాక్టరు, ఎముక లైను నిజంగా ఆయన కంటపడి ఉండకపోవచ్చు.

(ఇంకొకరు: ఆరు నెలల తర్వాత మళ్లీ తీయమన్నారు. వేరే చోట తక్కువకి తీస్తున్నారు, అక్కడ తీయించుకోవచ్చా?)

తీయించుకోవచ్చు, కానీ అదే రకం స్కాన్ అయి ఉండాలి. మొదట సీటీ తీసి, తర్వాత ఎక్స్‌రే తీస్తే పోల్చడానికి ఏమీ ఉండదు. 8 మిల్లీమీటర్లది ఈసారి 9 అని వస్తే పెరిగిందనుకోకండి, కొలిచే చేతిని బట్టి ఒక మిల్లీమీటరు అటూ ఇటూ వస్తుంది. ఆరు నెలల్లో అడ్డం కొలత పాతిక శాతం కంటే ఎక్కువ, లేదా ఏడాదిలో సగం కంటే ఎక్కువ పెరిగితే అప్పుడు ముక్క తీయించే ఆలోచన చేస్తారు. మీరు చేయాల్సిందల్లా కౌంటర్‌లో పాత సీడీ ఇచ్చి, దీనితో పోల్చి రాయండి అని గట్టిగా అడగడం. కొత్త రిపోర్టు చేతికి వచ్చాక అందులో పాత స్కాన్ తేదీ రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే పోల్చలేదన్నమాట, అక్కడే వెనక్కి ఇచ్చి రాయించుకుని రండి.